తర్వాతి కవరు

హావ్‌నెస్ ఆసుపత్రి,
1982 ఆగస్టు

ఏమే ఆస్లాగ్,

నీ పెట్టె నిన్నటి పడవలో దిగింది. వానకి తడవకుండా పొరలు పొరలుగా ప్లాస్టిక్ చుట్టి, తాడు కట్టి, ముడి మీద లక్క కూడా పోశావు. విప్పలేక మా నర్సు చేపలు కోసే కత్తి తెచ్చింది. లోపల కవర్లు చూశాం. వరుసగా నంబర్లు, అంటించిన మూతలు, దీపానికి అడ్డంపెట్టి చూసినా ఏమీ కనపడకుండా లోపల నల్లకాగితం. నువ్వు పుట్టి పెరిగిన ఊరికే పంపుతున్నావా, దొంగల ముఠాకి పంపుతున్నావా?

పెట్టెలో పెట్టిన మీ ప్రొఫెసరుగారి ఉత్తరం చదివాను. గుండెపోటు వచ్చి బతికి బట్టకట్టినవాళ్లలో ఒప్పుకున్నవాళ్లకే ఈ పరీక్ష. వచ్చిన వరుసలో మనిషికో కవరు తెరవాలి. లోపల ‘మందు’ అని ఉంటే గుండె లయ తప్పకుండా చూసే ఈ కొత్త లయ మందు ఇవ్వాలి, ‘మామూలు వైద్యం’ అని ఉంటే ఇన్నాళ్లూ చేస్తున్నదే చెయ్యాలి. చివర్లో ఏ గుంపులో ఎక్కువమంది బతికారో లెక్కగట్టేది నువ్వు. బాగుంది. నువ్వు బెర్గెన్‌లో కుర్చీలో కూర్చుని కూడికలు చేస్తావు, నేనిక్కడ వాళ్ల మొహాలు చూస్తూ కవర్లు చింపుతాను.

మొదటి కవరు రేవు గుమాస్తాకి తెరిచాను. ‘మామూలు వైద్యం’ అని వచ్చింది. నా మొహం చూసి ఆయనే నన్ను ఓదార్చాడు. లాటరీలో కూడా తనకెప్పుడూ తగల్లేదులే డాక్టరమ్మా అన్నాడు.

ఒక్క అనుమానం తీర్చు. కంప్యూటరంటే చెప్పింది చెప్పినట్టు చేసేదే కదా. మరి దానికి చీటీలు తియ్యడం ఎలా వచ్చింది? నాణెం ఎగరెయ్యడానికి చేతులున్నాయా? నర్సు అడిగితే తెలిసినట్టు తల ఊపాను. నా పరువు నీ చేతుల్లో ఉంది.

మీ తమ్ముడు ఐలర్ట్ పడవకి నిమ్మపండు రంగు వేయించాడు. ఆ రంగు చూసి వాడి పెళ్లాం యోరున్ వాడితో మాట్లాడ్డం మానేసింది. చేపలకి నచ్చుతుందని వాడి వాదన.

నీ
సిన్నోవె

*

బెర్గెన్,
1982 సెప్టెంబరు

సిన్నోవే,

యంత్రానికి చేతుల్లేవు. చీటీలు తియ్యడం దానికి రానే రాదు. మేం దానిచేత చేయించేది ఒక రకం కనికట్టు. విను, నర్సుకి చెబుదువుగాని.

ఒక సంఖ్య తీసుకో. దాన్నో పెద్ద సంఖ్యతో గుణించు, ఇంకొకటి కలుపు. వచ్చినదాన్ని మరో పెద్ద సంఖ్యతో భాగించి, శేషం మాత్రం ఉంచుకుని మిగతాది పారెయ్యి. ఆ శేషమే నీ కొత్త సంఖ్య. దాన్ని మళ్లీ అలాగే గుణించి, కలిపి, భాగించు. ఇలా వచ్చిన శేషాల్ని పక్కపక్కన పేర్చి చూస్తే ఒకదానికీ ఇంకోదానికీ పొంతన కనపడదు, పాచికలు విసిరినట్టే ఉంటాయి. సంఖ్య సగానికి పైన పడితే ‘మందు’, కింద పడితే ‘మామూలు వైద్యం’. నీ కవర్లన్నీ అలా పుట్టినవే.

నిజంగా ఎవరికీ అంతుబట్టని సంఖ్యలు కావాలంటే వేరే దారి ఉంది. రేడియోలో రెండు స్టేషన్ల మధ్య గరగరమంటుంది చూడు, అలాంటి గరగరని సంఖ్యలుగా మార్చే పెట్టె పక్క విభాగంవాళ్ల దగ్గరుంది. అది ఒకసారి చెప్పింది మళ్లీ చెప్పదు. దానితో నాకు చిక్కే అది. ఈ వరుస నీకు నచ్చినట్టు నువ్వే రాసుకోలేదని ఏమిటి నమ్మకం అని రేపెవరైనా అడిగితే నేనేం చూపించను? నా లెక్కయితే మొదటి సంఖ్య ఒక్కటి ఇస్తే చాలు, ఎవరి ముందైనా వరుసంతా ఉన్నదున్నట్టు మళ్లీ పుడుతుంది. అందుకే ఆ మొదటి సంఖ్యని మావాళ్లు విత్తనం అంటారు.

గుణకారం, భాగహారం అన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే, వాటిలో గుట్టేం లేదు. దాచాల్సింది విత్తనం ఒక్కటే. ఐదు ఆసుపత్రులకీ ఐదు వేరువేరు విత్తనాలు వేశాను. కాగితం మీద పెడితే ఎవరి కంటైనా పడుతుందని, నా జీవితంలో మరిచిపోలేని ఐదు తేదీలు తీసుకున్నాను. నీ ఆసుపత్రికి ఏ రోజు ఇచ్చానో మాత్రం అడక్కు.

ఐలర్ట్‌కి చెప్పు, నిమ్మపండు రంగు చూస్తే చేపలు నవ్వుతాయి గానీ వలలో పడవని. ఇక్కడ వాన. ఎప్పటిలాగే.

ఆస్లాగ్

*

హావ్‌నెస్,
1982 నవంబరు

ఆస్లాగ్,

ఆడ్‌వార్ పోయాడు. నీకు తెలియదు. మనం ఊరొదిలి చదువులకి పోయాక ఈ దీవికొచ్చిన కుటుంబం. పడవల ఇంజన్లు బాగుచేసేవాడు.

ఆ పొద్దున ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకే గదిలో పక్కపక్క మంచాలు. ఆడ్‌వార్ మంచం తలుపు దగ్గర ఉందని ముందు అతని కవరు తెరిచాను. ‘మామూలు వైద్యం’. తర్వాత కిటికీ దగ్గరి ముసలాయనకి తెరిస్తే ‘మందు’. ముసలాయన తన కాళ్ల మీద తాను ఇంటికి నడిచిపోయాడు. ఆడ్‌వార్‌కి ఇంటికి పంపే రోజు గుండె లయ తప్పింది. ఆ మందు పుట్టిందే దాన్ని ఆపడానికి. నేను ఛాతీ మీద రెండు చేతులూ వేసి ఎంత నొక్కినా ప్రాణం మళ్లీ రాలేదు. అప్పటికి అతని భార్య బయట బెంచీ మీద కూర్చుని బిడ్డకి బూట్లు తొడుగుతోంది, నాన్నతో కలిసి ఇంటికి పోదామని.

నేను కిటికీ వైపు నుంచి మొదలుపెట్టి ఉంటే? ఇది తప్ప ఇంకేమీ తోచడం లేదు. నువ్వేసిన లెక్క నాకర్థమైంది, దానికి మొహాలు తెలియవు. నాకు తెలుసు కదా.

సిన్నోవె

*

బెర్గెన్,
1982 డిసెంబరు

నా సిన్నోవే,

నీ బాధకి నా దగ్గర లెక్క లేదు. కానీ ఒక్క మాట అడగనీ. ఆ మందు ఇచ్చి ఉంటే ఆడ్‌వార్ బతికేవాడని నీకెలా తెలుసు? ప్రొఫెసరుకి తెలియదు. మందు చేసినవాళ్లకి తెలియదు. నాకూ తెలియదు. తెలిస్తే ఈ కవర్లెందుకు, అందరికీ ఇచ్చేద్దుం.

మొహాలు చూసి ఇస్తే ఏమవుతుందో ఆలోచించు. మంచివాళ్లకి, కుర్రవాళ్లకి, పిల్లలున్నవాళ్లకి ఇస్తావు. వాళ్లు ఎలాగైనా ఎక్కువమందే బతుకుతారు. అప్పుడు మందు పనిచేసిందంటావు. అది అబద్ధమైతే? దేశమంతా ఆ అబద్ధాన్ని మింగుతుంది. అందుకే ఎవరి మొహమూ తెలియనిదాని చేతిలో పెట్టాం.

నీవల్ల కాకపోతే మానెయ్యి. ప్రొఫెసరుతో నేను మాట్లాడతాను, నిన్నెవరూ తప్పుపట్టరు. చేస్తానంటే మాత్రం నాకో మాట ఇవ్వు. వచ్చినవాళ్లని వచ్చిన వరుసలోనే తీసుకుంటానని.

లెఫ్సె రొట్టెలు చేసి పంపుతున్నాను. దారిలో విరిగితే పొడిలో వెన్న కలుపుకుని తిను.

ఆస్లాగ్

*

హావ్‌నెస్,
1983 జనవరి

ఆస్లాగ్,

మాట ఇస్తున్నాను. లెఫ్సె ముక్కలైంది, అయినా అంతా తిన్నాను.

సి.

*

హావ్‌నెస్,
1984 ఫిబ్రవరి

ఆస్లాగ్,

ఏడాదిగా నీకు పండక్కో కార్డు తప్ప రాయలేదు. నువ్వు అలిగావని కూడా తెలుసు. పని అంటే నమ్మవు, అయినా పనే.

ముందు విషయం చెబుతాను, కంగారుపడకు. ఐలర్ట్‌కి గుండెపోటు వచ్చింది. మంచు తవ్వుతుంటే ఛాతీ పట్టుకుని కూలబడ్డాడట. యోరున్ వాణ్ణి మంచు మీద జారే చెక్కబండి మీద వేసుకుని తనే ఈడ్చుకొచ్చింది. ఇప్పుడు బాగున్నాడు. నర్సులమీద కసురుకుంటున్నాడు, సూపులో ఉప్పు లేదని. వాడి కసురు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

పరీక్షలో చేరతానన్నాడు. అక్క కవరంటే నేను కాదంటానా అన్నాడు. తెరిచాను. ‘మందు’ వచ్చింది. వాడి అదృష్టం బాగుంది ఆస్లాగ్. ఇంకేం భయపడకు. వాణ్ణి నేను చూసుకుంటాను.

సిన్నోవె

*

బెర్గెన్,
1984 మార్చి

సిన్నోవే,

ఫోనులో నీతో మాట్లాడాను, ఐలర్ట్‌తో మాట్లాడాను, యోరున్‌తో మాట్లాడాను. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

నీతో చెప్పుకుంటే సిగ్గుగా ఉంది. ఇన్నాళ్లుగా అందరికీ చెబుతూ వచ్చాను, మందు మంచిదో చెడ్డదో తెలియదు, రెండు కవర్లూ సమానమేనని. నా తమ్ముడికి ‘మందు’ వచ్చిందని విన్నాక యంత్రం ఉన్న గదిలోకి వెళ్లి ఊరికే నిలబడ్డాను. దండం పెట్టడం ఒక్కటే తక్కువ. లెక్కలు చెప్పేదాని సంగతి ఇంతే.

జనవరిలో ఒకసారి అన్ని ఆసుపత్రుల వివరాలూ కలిపి చూశాం. రెండు గుంపులకీ తేడా ఏమీ తేలలేదు. కొనసాగించమన్నారు. నేనే సంతకం పెట్టాను. మంచిదైంది, ఆపేసి ఉంటే వాడికి ఈ అవకాశం ఉండేది కాదు.

ఏడాది రాయలేదని అలిగిన మాట నిజం. అదంతా పోయింది. నీలాంటిది వాడి పక్కన ఉండగా నేనిక్కడ నిద్రపోగలుగుతున్నాను. నీ రుణం ఎలా తీర్చుకోను?

నీ
ఆస్లాగ్

*

హావ్‌నెస్,
1984 మే

ఆస్లాగ్,

ఫోనులో వివరాలు చెప్పలేకపోయాను. ఐలర్ట్ పడవలోనే పోయాడు. నొప్పి ఎక్కువసేపు లేదు. ఇంజను నడుస్తూనే ఉంది, పడవ గుండ్రంగా తిరుగుతుంటే చూసి మిగతావాళ్లు వెళ్లారు. మందు క్రమంగానే వేసుకుంటున్నాడు. లయ బాగుందని ముందువారమే చెప్పి పంపాను.

గది సిద్ధం చేశాను. నా దగ్గర దిగు.

సిన్నోవె

*

బెర్గెన్,
1984 జూన్

సిన్నోవే,

నిన్ననే పనిలోకి వెళ్లాను. అక్కడున్నన్నాళ్లూ నీకు సరిగ్గా ఒక్క మాట కూడా చెప్పలేదు. నువ్వు చెయ్యగలిగిందంతా చేశావు. సమాధి దగ్గర నువ్వు నాకంటే ఎక్కువ ఏడ్చావు. యోరున్ కూడా అదే అంది, సొంత అక్కలా ఏడ్చిందని.

పనిలో పడితే మనసు నిలుస్తుందనుకున్నాను గానీ ఇక్కడొక తలనొప్పి కాచుకుని ఉంది. నీతో చెబితే తేలికవుతుంది. మీ ఆసుపత్రి వివరాల్లో ఏదో తేడా ఉంది. మీ దగ్గర మందు వచ్చినవాళ్లు వయసులో చిన్నవాళ్లు, రానివాళ్లు పెద్దవాళ్లు. మిగతా నాలుగు ఆసుపత్రుల్లో అలా లేదు. చీటీల్లో ఒక్కోసారి ఇలా పడుతుంది, కానీ ఇంత పడదు.

తప్పు నాదేనని నా భయం. ఈ గుణకారపు లెక్కలకి ఒక జబ్బుంది. కొన్ని సంఖ్యలు ఎంచుకుంటే చివరి అంకెలు సరి, బేసి, సరి, బేసి అంటూ మగ్గంలో నాడెలా అటూ ఇటూ తిరుగుతాయి. చూసేవాడికి వరుస పసిగట్టడం తేలిక. అందుకే నేను చివరి అంకెలు వాడలేదు. అయినా ఏదో పొరపాటు చేసి ఉంటాను. రోజూ అందరూ వెళ్లాక ఆ లెక్క మళ్లీ మళ్లీ నడిపి చూస్తున్నాను.

నీకేమైనా గుర్తుందా? కవర్లు ఏవైనా తడిశాయా, మూత ఊడినవి ఏమైనా ఉన్నాయా? చిన్న విషయమైనా సరే రాయి.

ఆస్లాగ్

*

హావ్‌నెస్,
1984 జులై

ఆస్లాగ్,

నాకు లెక్కలు తెలియవు కదా. కవర్లన్నీ వేసిన మూతలతోనే ఉన్నాయి, ఒక్కటీ తడవలేదు. నీ లెక్కలో తప్పుంటుందని నేననుకోను, కానీ ఎంత పెద్దవాళ్లకైనా పొరపాట్లు జరుగుతాయి. నిన్ను నువ్వు ఇంతగా హింసపెట్టుకోకు. తమ్ముడు పోయిన దుఃఖంలో ఉన్నావు. కొన్నాళ్లు సెలవు పెట్టు.

ఇక్కడ మబ్బుపండ్లు ఈసారి బాగా కాశాయి. ఒక సీసా పంపుతాను.

సిన్నోవె

*

బెర్గెన్,
1984 సెప్టెంబరు

డాక్టర్ సిన్నోవె హాగెన్ గారికి,

లయ మందు పరీక్షని నిలిపివేశారు. ఈ ఉత్తరం అందిన రోజే మీ దగ్గర ఆ మందు వాడుతున్నవారందరిచేతా మాన్పించవలసిందిగా ప్రొఫెసరుగారి ఆదేశం. విడిగా టెలిగ్రాం కూడా వస్తుంది.

కారణం ఇది. మీ ఆసుపత్రిని పక్కనపెట్టి మిగతా నాలుగింటినే లెక్కించాం. మందు వేసుకున్నవారే ఎక్కువమంది చనిపోతున్నారు. అనుమానానికి తావు లేదు. మీ ఆసుపత్రిని కలిపితే ఆ తేడా మాయమవుతోంది, ఎందుకంటే మీ దగ్గర గట్టిగా ఉన్నవారికే మందు వెళ్లింది. గట్టివారు కాబట్టి కొందరు తట్టుకున్నారు. జనవరిలో మాకు ఏమీ కనపడకపోవడానికి కారణం మీరు. అప్పుడే ఆపి ఉంటే ఫిబ్రవరిలో ఆ మందు ఎవరికీ ఇచ్చేవారు కాదు.

ఎండాకాలమంతా నేను నా లెక్కనే అనుమానించాను. దానిలో తప్పు లేదు. మీరు రాసినట్టు కవర్లకీ ఏమీ కాలేదు. మిగిలింది ఒక్కటే. తర్వాతి కవరులో ఏముందో తెలిసినవారు ఎవరో, కవరుకి తగ్గ మనిషిని ముందుకో వెనక్కో జరిపారు. విత్తనం తెలియకుండా అది కుదరదు. కవర్ల జాబితా నా బీరువా దాటలేదు. అప్పుడు, తేదీల గురించి నేను మీకు రాసిన ఉత్తరం గుర్తొచ్చింది.

నా బిడ్డ తిరిల్ పుట్టిన తేదీ, సిన్నోవె.

ఆ తేదీ ఈ లోకంలో ఇంకెవరికి గుర్తుంది? దాని తండ్రి ఏనాడో మరిచిపోయాడు. అది ఊపిరి తీసుకున్న ఆ కాస్తసేపూ దాన్ని పట్టుకున్నవి నీ చేతులు, నా చేతులు. మీ ఆసుపత్రికి ఆ రోజే ఎందుకిచ్చానో తెలుసా? అది నీ దగ్గర భద్రంగా ఉంటుందని. నీకు చెప్పకపోయినా నీ దగ్గరే ఉంటుందని.

చేరిన తేదీలు ముందేసుకుని కూర్చున్నాను. ఐలర్ట్ వచ్చేనాటికి తర్వాతి కవరు ‘మామూలు వైద్యం’. వాడి వెనక వచ్చిన ఒక పెద్దాయన పేరు వాడికి ముందు ఎక్కింది. ఆ కవరు ఆయనకి పోయి, ‘మందు’ నా తమ్ముడికి వచ్చింది. నేను నీకు కృతజ్ఞతలు చెప్పాను. రుణం ఎలా తీర్చుకోనని రాశాను. అది చదివి కూడా ఊరుకున్నావు. వాడి శవం మీద పడి ఏడ్చావు. లెక్క తప్పేమోనని నేను అడిగితే సెలవు పెట్టమన్నావు.

విచారణ సంఘానికి అంతా రాసి ఇస్తున్నాను. మీరు చెప్పవలసింది వారికే చెప్పండి. యోరున్‌కి మాత్రం మీరే స్వయంగా వెళ్లి చెప్పాలి. అది నేను చెయ్యను.

ఆస్లాగ్ వోల్

*

హావ్‌నెస్,
1984 అక్టోబరు

ఆస్లాగ్,

నువ్వు రాసిందంతా నిజం. సంఘానికి కూడా అలాగే చెప్పాను.

ఆడ్‌వార్ పోయాక నీకు మాట ఇచ్చాను, ఇచ్చినప్పుడు నిలబెట్టుకుందామనే ఇచ్చాను. ఆ చలికాలం ట్రోమ్సోలో సమావేశానికి వెళ్లి, లెక్కలు నేర్పితే గుర్తుపెట్టుకునే కాలిక్యులేటరు ఒకటి కొన్నాను. నువ్వు చెప్పిన గుణకారం అక్కడి లైబ్రరీలో దొరికింది. నీ పుట్టినరోజు వేసి చూశాను, అప్పటికి తెరిచిన కవర్లతో కలవలేదు. నీ పెళ్లిరోజు, అదీ కలవలేదు. అక్కడితో ఆగి ఉండాల్సింది. తిరిల్ తేదీ కొట్టబోతుంటే వేళ్లు ఆగాయి. అయినా కొట్టాను. ఆడ్‌వార్ కవరుతో సహా అన్నీ కలిశాయి.

అప్పట్నుంచి ఎవరికి ఏ కవరో ముందే తెలిసేది. మోసం చేస్తున్నాననిపించలేదు. ఇన్నాళ్లకి నా చేతిలో ఏదో ఉందనిపించింది. మందు వేసుకున్నవాళ్ల గుండె గీతల కాగితాలు చూస్తే లయ ఎంత నున్నగా ఉండేదో. అది బతుకనుకున్నాను. ఐలర్ట్ వచ్చినప్పుడు ఇంకేమీ ఆలోచించలేదు. నీ తమ్ముణ్ణి నీకు కానుకగా ఇస్తున్నాననుకున్నాను. నీ కోసమే చేశాను ఆస్లాగ్. ఇది రాయడానికి నాకు హక్కు లేదని తెలుసు, కానీ అబద్ధం కాదు.

జులైలో నీకు నిజం రాద్దామని కూర్చున్నాను. ఐలర్ట్ మందు వల్లే పోయాడని అప్పటికింకా తెలియదు గానీ అనుమానం మొదలైంది. రాస్తే అది నిజమైపోతుందని భయమేసింది. అందుకే మబ్బుపండ్ల గురించి రాశాను.

టెలిగ్రాం వచ్చిన రోజే పోస్టు పడవ అడిగి తీసుకుని ఇల్లిల్లూ తిరిగాను. మాత్రలు వెనక్కి తీసుకుని, ఎందుకో నేనే చెప్పాను. కొందరు తలుపు వేసేశారు. ఐలర్ట్‌కి ముందు నేను ఎక్కించిన పెద్దాయన లుద్విక్. రాయిలాంటి మనిషి, పెళ్లాంపిల్లలు లేరు, ఎవరికీ కానివాడని నేనే తీర్మానించి ఆయన్ని మందు లేని కవరులోకి తోశాను. ఆయన పుట్టిన్నాటి నుంచి ఏ జబ్బూ లేనివాడిలా తిరుగుతున్నాడు. బాగై ఇంటికి వెళ్లిన నాటినుంచి వారంవారం నాకు చేప తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్తాడు. ఆయనకీ చెప్పాను. అయితే నన్ను చంపబోయి బతికించావన్నమాట అన్నాడు. ఆ వారం కూడా చేప తెచ్చాడు. తినలేకపోయాను.

యోరున్ దగ్గరికి చివర్లో వెళ్లాను. బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. నేను చెబుతున్నంతసేపూ చెయ్యి ఆపలేదు. అంతా విని, ‘ఆయన్ని అడిగావా?’ అంది.

‘లేదు’ అన్నాను.

‘అడిగి ఉంటే వరుసలోనే రానిమ్మనేవాడు. ఆయన ఒకరిని తోసి ముందుకెళ్లేవాడు కాదు. అది నీకూ తెలుసు.’

నేను లేచాను. అప్పుడంది, ‘ఈ దీవిలో ఇంకో డాక్టరు లేరు. సోమవారం మోకాలు చూపించుకోడానికి వస్తాను. నా ముందు ఆయన పేరెత్తకు.’

సోమవారం వచ్చింది. మోకాలు చూశాను.

కొత్త మనిషి వచ్చేదాకా నన్ను పనిచెయ్యమన్నారు. ఆ తర్వాత నా పట్టా ఉంటుందో పోతుందో తెలియదు, పోవాలనే ఉంది. నన్ను క్షమించమని నిన్ను అడగడం ఎలాగో కూడా తెలియడం లేదు. అయినా అడుగుతున్నాను. తిట్టినా సరే, ఒక్క మాట రాయి.

సిన్నోవె

*

బెర్గెన్,
1984 నవంబరు

సిన్నోవె,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. ఇంటికి తీసుకుపోలేదు.

సంఘం ముందు నా వరుస నిజమైనదని చూపించమన్నారు. యంత్రం దగ్గరికి అందర్నీ తీసుకెళ్లి విత్తనం కొట్టాను. మీ ఆసుపత్రి కవర్లన్నీ మొదటినుంచి చివరిదాకా తెర మీద మళ్లీ పుట్టాయి, ఒక్కటి కూడా తప్పు లేకుండా. వాళ్లు తృప్తిపడ్డారు. వాళ్లలో ఒకాయన, చెడ్డ ఉద్దేశంతో కాదు, ఈ తేదీ ఏమిటని అడిగాడు. ముక్కూమొహం తెలియని ఏడుగురి ముందు నా కూతురు ఎప్పుడు పుట్టిందో, ఎంతసేపు బతికిందో చెప్పాల్సి వచ్చింది. గుమాస్తా అది రాసుకున్నాడు. నాకు కావలసినవాళ్లతో కూడా నేనెప్పుడూ మాట్లాడని విషయం, ఇప్పుడు ప్రభుత్వపు కాగితాల్లో ఉంది. తేదీ వాడటం నా తెలివితక్కువని కూడా రాశారు. అది నిజమే.

నీ కోసమే చేశానన్నావు. దాని గురించి చాలా ఆలోచించాను. నువ్వు అబద్ధమాడుతున్నావని నేననను. నిజమే కాబట్టి నాకు నిద్ర పట్టడం లేదు. శత్రువైతే తిట్టుకుని ఊరుకుందును. నన్ను అంత ప్రేమించినదానివి, నేను రెండేళ్లు కూర్చుని కట్టినదాన్ని నా కూతురి పేరుతో తెరిచావు. నేను ఎవరికీ ఏమీ చెయ్యలేని చోట కూర్చోవాలని కావాలనే ఆ లెక్క రాసుకున్నాను సిన్నోవె. నా తమ్ముడు వచ్చినా, రాజు వచ్చినా, నేను చెయ్యి పెట్టలేకుండా. నువ్వు నాకు తెలియకుండా నా చేత చెయ్యి పెట్టించావు.

ఇంకో మందుకి కొత్త పరీక్ష మొదలవుతోంది. కవర్లు నన్నే చెయ్యమన్నారు. ఈసారి విత్తనం ఆ గరగర పెట్టె నుంచి తీశాను. అది ఏమి చెప్పిందో నేను చూడలేదు, అలాగే మూసి సంఘం ఇనప్పెట్టెలో పెట్టించాను. ఇక నా దగ్గర ఎవరూ ఊహించగలిగింది ఏమీ లేదు. పని శుభ్రంగా జరుగుతోంది. ఇదివరకు ఆ పని చేస్తుంటే పాటలు పాడుకునేదాన్ని.

క్షమించమని అడిగావు. యోరున్ ఉంది. మందు వేసుకుని పోయిన మిగతావాళ్ల ఇళ్లున్నాయి. జనవరిలో మేం ఆపకపోవడం వల్ల నాలుగు ఊళ్లలో పోయినవాళ్లున్నారు, వాళ్లకి నీ పేరు కూడా తెలియదు. ముందు వాళ్లున్నారు. నేను వాళ్లందరినీ దాటుకుని ముందుకొచ్చి నిన్ను క్షమించలేను.

పడవ అమ్మకానికి యోరున్‌కి తోడు కావాలట. వచ్చే బుధవారం వస్తున్నాను, వాళ్లింట్లోనే దిగుతాను. రేవు దగ్గరికి రావద్దు.

ఆస్లాగ్